ధర్నాకు మేస్త్రి అనుమతి కావాలా?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో ఒలుపు పని చేస్తాను. సీజనులో రాత్రి తొమ్మిదయినా వదలరు. రెండు నెలలుగా ఓవర్‌టైము డబ్బు లేదు. అడిగితే కంపెనీ మేస్త్రిని చూపిస్తుంది, మేస్త్రి కంపెనీని చూపిస్తాడు. సోమవారం కలెక్టరేట్ దగ్గర ధర్నా చేద్దామనుకుంటున్నాం. వస్తే మళ్లీ వ్యాను ఎక్కనివ్వనని మేస్త్రి బెదిరిస్తున్నాడు. పోలీసులు పట్టుకుపోతే పరువేం కావాలని మా అత్తగారి బాధ. వెళ్లమంటారా?
- ఒక సోదరి, ఉండి మండలం

జవాబు: వెళ్లండమ్మా. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. దానికి మేస్త్రి సంతకం అక్కర్లేదు. పోలీసులకు మాత్రం ముందుగా రాసివ్వండి: ఎక్కడ కూర్చుంటారు, ఎన్ని గంటల దాకా, సుమారు ఎంతమంది. పాత 144, అంటే ఇప్పటి 163వ సెక్షన్, అమల్లో ఉందేమో కూడా కనుక్కోండి. ఉంటే ధర్నా వాయిదా వేసి, ఒకరిద్దరు వెళ్లి అర్జీ ఇచ్చి రండి.

సోమవారం పనిదినమైతే ఒక చిక్కుంది. సగం మంది, అంతకు మించి, కూడబలుక్కుని సెలవు పెడితే కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని సమ్మెగానే లెక్కేస్తుంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసివ్వాలి. అందుకే ఆ రోజు వారపు సెలవు ఉన్నవాళ్లు కూర్చుంటే చాలు.

ఇక మీ అత్తగారు. పొద్దుగూకాక ఆడవాళ్లను అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం ఉండాలి, మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. అయినా ఆమెకు చట్టం చెబితే రుచించదు. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీ సమ్మె ఆవిడకు గుర్తుండే ఉంటుంది. మీ ఊరి అంగన్‌వాడీ టీచరును ఒకసారి ఇంటికి పిలిచి టీ ఇవ్వండి. పరువు సంగతి ఆవిడే చెబుతుంది.

నినాదాలకంటే నాకు మీ నోటుబుక్కు మీద ఆసక్తి ఎక్కువ. ఏ తేదీన ఎన్నింటికి లోపలికి వెళ్లారు, ఎన్నింటికి వదిలారు, ఎన్ని కిలోలు ఒలిచారు. ఐసు నీళ్లలో నాని తెల్లబడిన వేళ్లతో రాయడం కష్టమే, ఇంటికొచ్చాక పిల్లలతోనైనా రాయించండి. ఓవర్‌టైముకు రెట్టింపు కూలీ రావాలి. కాంట్రాక్టరు, అంటే మీ మేస్త్రి, ఎగ్గొడితే అసలు యజమానే, అంటే కంపెనీయే, చెల్లించాలి. కాబట్టి మేస్త్రి, కంపెనీ ఒకరినొకరు చూపించుకునే ఆట చెల్లదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజే. ధర్నాలోంచి ఇద్దరు లేచి లెక్కల నకలుతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అదే కాగితం కార్మిక శాఖ అధికారికీ ఇవ్వండి.

వ్యాను ఎక్కనివ్వనని మేస్త్రి ఏ రోజు, ఎవరి ముందు అన్నాడో అది కూడా అదే పుస్తకంలో రాసి, విన్నవాళ్ల సంతకాలు పెట్టించండి.