మీ ప్రశ్నలు: ఆటలో కట్టిన ఇళ్లు, ఊళ్లు

ప్రశ్న: మా ఇంటి ప్లాన్‌ను అసలు కొలతలతోనే మోడల్ చేసి ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్‌లోకి తెచ్చాను. లోపల తిరుగుతుంటే అంతా ఇరుకుగా ఉంది. బాత్రూమ్ తలుపైతే దాటనే లేకపోతున్నాను. కొలత ఎక్కడైనా తప్పిందా?
– ఆర్కిటెక్చర్ విద్యార్థి

జవాబు: ముందు కొలత సంగతి తేల్చుకోండి. అన్‌రియల్‌లో ఒక యూనిట్ అంటే ఒక సెంటీమీటరు. అందులో ఉండే మామూలు క్యూబ్ ప్రతి వైపూ 100 సెం.మీ. రెండు క్యూబులు ఒకదానిమీద ఒకటి పెట్టి తలుపు పక్కన నిలబెట్టండి. 210 సెం.మీ. తలుపు వాటికంటే బెత్తెడు ఎత్తు ఉండాలి. మీటర్లు, అంగుళాలు తారుమారైతే ఇక్కడే బయటపడుతుంది.

కొలత సరిపోతే తేడా ఇంట్లో లేదు, నడిచే బొమ్మలో ఉంది. థర్డ్ పర్సన్ టెంప్లేట్‌లో (బొమ్మను వెనక నుంచి చూపే రెడీమేడ్ అమరికలో) బొమ్మ చుట్టూ కంటికి కనబడని క్యాప్సూల్ ఒకటి ఉంటుంది. దాని వ్యాసార్ధం 42, అంటే అడ్డంగా 84 సెం.మీ. మీ బాత్రూమ్ తలుపు 75 సెం.మీ. అయితే అందులో ఎలా పడుతుంది? పైగా కెమెరా బొమ్మకు మూడు నాలుగు మీటర్లు వెనక ఉంటుంది. మూడు మీటర్ల గదిలో దానికి చోటేది? గోడకు తగిలి ముందుకు జరుగుతూ బొమ్మ మెడ మీదికి వచ్చేస్తుంది. ఆటలు తయారుచేసేవాళ్లు ఈ తిప్పలు పడలేకే తలుపులు, వరండాలు, పైకప్పులు అన్నీ పెంచేస్తారు. ఆటలో చూసి ముచ్చటపడిన గదిని అవే కొలతలతో కడితే రైల్వే స్టేషన్ హాల్లా ఉంటుంది.

కాబట్టి ఇంటి జోలికి పోకుండా బొమ్మను మార్చండి. బొమ్మ కళ్లతోనే చూసే ఫస్ట్ పర్సన్ పెట్టుకోండి. క్యాప్సూల్ వ్యాసార్ధం 25–28, సగం ఎత్తు 86, కెమెరా నేల నుంచి 155–160 సెం.మీ. ఎత్తున ఉండేలా చూడండి. నడక వేగం మొదట సెకనుకు 600 సెం.మీ. ఉంటుంది, అంటే గంటకు 21 కిలోమీటర్ల పైమాట. దాన్ని 140కి తగ్గించండి. 10 మీటర్ల వరండా దాటడానికి మామూలుగా ఏడు సెకన్లు పట్టాలి. 600తో రెండు సెకన్లలోపే దాటేస్తారు, ఇక ఆ వరండా పొడవు మీకేం తెలుస్తుంది? ఫీల్డ్ ఆఫ్ వ్యూ (కెమెరాకు కనబడే కోణం) 90 డిగ్రీలు ఉంటే 65–70కి దించండి. 60 సెం.మీ. వెడల్పున్న తెరను 60 సెం.మీ. దూరం నుంచి చూస్తే కంటికి అది 53 డిగ్రీలే. అందులోకి 90 డిగ్రీల దృశ్యాన్ని కుక్కితే ఎదుటి గోడ దూరం జరిగినట్టు, పక్కనున్నవి సాగినట్టు కనిపిస్తాయి.

చాలామంది పట్టించుకోనిది స్టెప్ హైట్, అంటే బొమ్మ ఒక్క అడుగులో ఎక్కగల ఎత్తు. మొదట 45 ఉంటుంది కాబట్టి అంతవరకూ ఎంత ఎత్తు మెట్టైనా బొమ్మ ఎక్కిపోతుంది, మెట్ల లెక్కలో మీ తప్పు బయటపడదు. 20 పెట్టి చూడండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ మెట్టు ఎత్తు తప్పింది.

ఇవన్నీ చేసినా తలుపు దాటకపోతే, గోడ మొత్తం ఒకే మెష్‌గా (ఒకే 3డి ఆకారంగా) వచ్చి ఉంటుంది. దాని చుట్టూ ఇంజిన్ వేసిన పెట్టెలాంటి కొలిజన్ (బొమ్మను అడ్డుకునే కనబడని హద్దు) తలుపు ఖాళీని కూడా మూసేస్తుంది. మెష్ సెట్టింగుల్లో కొలిజన్ కాంప్లెక్సిటీని ‘యూజ్ కాంప్లెక్స్ కొలిజన్ యాజ్ సింపుల్’కు మార్చండి.

ప్రశ్న: ఊళ్లు కట్టే ఆట ‘సిటీస్: స్కైలైన్స్’లో రోడ్డును ఆరు లేన్లు చేసినా ట్రాఫిక్ తగ్గలేదు. నిజం ఊళ్లలోనూ ఇంతే అంటారు కదా?

జవాబు: ఫలితం ఒకటే, కారణం వేరు. నిజం ఊళ్లో రోడ్డు వెడల్పు చేస్తే అంతవరకూ బయల్దేరనివాళ్లు కూడా బయల్దేరతారు. 2015 నాటి ఆ ఆటలో మాత్రం వాహనం బయల్దేరేటప్పుడే దూరం, వేగపరిమితి చూసుకుని దారి ఖాయం చేసుకుంటుంది. రద్దీని చూసి దారి మార్చుకోదు. ఒకే మలుపుకు వెళ్లే బండ్లన్నీ ఒకే లేన్‌లో తోకలా నిలుస్తాయి, పక్క లేన్లు ఖాళీగా పడి ఉంటాయి. లేన్లు పెంచకండి. జంక్షన్ల మధ్య ఎడం పెంచండి, చీలే చోట ఒక్కో పాయకు దాని లేన్ దానికివ్వండి, లారీలకు వేరే దారి వేయండి.

ఆ ఆటను చూసి నిజం ఊరికి లెక్క వేసేవాళ్లు పార్కింగ్ దగ్గర బోల్తాపడతారు. కారు నిలిపే గడి 2.5 × 5 మీటర్లే గానీ, తిప్పుకునే చోటు కలిపితే 25–30 చదరపు మీటర్లవుతుంది. వంద కార్లకు అరెకరం పైనే. ఆ ఆటలో మాత్రం చాలా కార్లు దిగగానే మాయమైపోతాయి. ఊళ్లు కట్టే మరో ఆట, 2013లో వచ్చిన సిమ్‌సిటీని తయారుచేసినవాళ్లు నిజమైన పార్కింగ్ స్థలాలు కొలిచి చూశారు. అదే నిష్పత్తిలో పెడితే ఊరు చూడ్డానికి బాగుండదని, చాలావరకు నేల కింద ఉన్నట్టే అనుకోమన్నారు.

ప్రశ్న: పారిస్‌లో కాలిపోయిన నోట్రడామ్ చర్చిని వీడియో గేమ్ మోడల్ చూసి కట్టారంటే నిజమా?

జవాబు: కాదు. 2014లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అనే ఆటలోని మోడల్ అందమైనదే, కానీ ఆటకు తగ్గట్టు మార్చినది. కథ ఫ్రెంచి విప్లవం నాటిది, అందులో కనిపించే శిఖరం మాత్రం 19వ శతాబ్దంలో కట్టినది! 2019 ఏప్రిల్ అగ్నిప్రమాదం తర్వాత అక్కరకొచ్చినవి కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ అంతకుముందే తీసిపెట్టిన లేజర్ స్కాన్‌ల వంటివి.

ప్రశ్న: మా కాలనీ పార్కు ఎలా ఉండాలో పిల్లల చేత, పెద్దల చేత మైన్‌క్రాఫ్ట్ అనే బ్లాకుల ఆటలో కట్టించాలనుకుంటున్నాం. పనికొస్తుందా?

జవాబు: వస్తుంది. ఐక్యరాజ్యసమితి హాబిటాట్ సంస్థ 2012 నుంచి ఆ ఆట తయారీ సంస్థ మొజాంగ్‌తో కలిసి ‘బ్లాక్ బై బ్లాక్’ పేరుతో ఇదే చేస్తోంది. క్రియేటివ్ మోడ్‌లో (బ్లాకులు ఎన్నైనా వాడుకోగల అమరికలో), చదునైన ప్రపంచంలో, ఒక బ్లాక్ ఒక మీటరుగా పెట్టుకోండి. ఇప్పుడున్న చెట్లు, గేట్లు, ప్రహరీ ముందే మీరు కట్టి ఉంచండి. ఖాళీ నేల ఇస్తే అందరూ కోటలే కడతారు. ఒక్కో కంప్యూటరుకు ముగ్గురు చాలు.

ఇబ్బందంతా మీటరు బ్లాకుతోనే. 15 సెం.మీ. అరుగు, మీటరున్నర కాలిబాట అందులో కుదరవు. సగం బ్లాకు వాడినా అడుగు 50 సెం.మీ. ఎత్తవుతుంది. బొమ్మ మీటరుకు పైగా గెంతగలదు కాబట్టి ఆ ఎత్తు ఎవరికీ ఎత్తుగా తోచదు, చక్రాల కుర్చీ సంగతి ఎవరికీ గుర్తురాదు. ‘గెంతడం నిషేధం’ అని ముందే చెప్పండి. ర్యాంపుకు 1:12 వాలు కావాలి గనుక ప్రతి ఆరు బ్లాకులకు ఒక సగం బ్లాకే పైకి వెళ్లాలని నియమం పెట్టండి. అప్పుడు ర్యాంపు ఎంత చోటు తింటుందో వాళ్లకే తెలుస్తుంది, సగం కోటలు వాళ్లే పడగొడతారు. వివరం కోసం బ్లాకును అరమీటరుగా లెక్కేస్తే మాత్రం కంటి ఎత్తు 81 సెం.మీ.కు పడిపోతుంది. రెండేళ్ల పిల్లవాడి చూపు అది. పెద్దలకు బల్లలు కూడా గోడల్లా కనిపిస్తాయి.