వంటసోడాతో క్యాన్సర్ గడ్డ లొంగుతుందా?

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. కీమో నడుస్తోంది. ఒంట్లో ఆమ్లం ఎక్కువైతేనే క్యాన్సర్ వస్తుందట. ఆల్కలైన్ వాటర్ మిషన్ కొనమనీ, లేదంటే పరగడుపున చెంచాడు వంటసోడా నీళ్ళలో కలిపి ఇవ్వమనీ బంధువులు పోరుతున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఇవ్వకండి. మిషన్ కొంటే పోయేది డబ్బే. సోడా మాత్రం కీమోలో ఉన్న మనిషికి హాని చేయగలదు.

గడ్డ చుట్టూ ఆమ్లం ఎక్కువన్న మాట నిజమే, అందుకే ఈ ప్రచారం ఇట్టే నమ్మిస్తుంది. అయితే ఆ ఆమ్లం తిండితో వచ్చింది కాదు, గడ్డే తయారుచేసుకున్నది. మామూలు కణం ఒక్కో గ్లూకోజు అణువును ఆక్సిజన్‌తో పూర్తిగా కాల్చి సుమారు 30 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) రాబట్టుకుంటుంది. చాలా క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా గ్లూకోజును సగంలోనే ఆపి లాక్టేట్‌గా, దానితో పాటు ఆమ్లంగా వదిలేస్తాయి. ఆ దారిలో దక్కేది 2 ఏటీపీలే. జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే దీన్ని గమనించాడు. కణంలో ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పాడవడమే కారణమని ఆయన అనుకున్నాడు. కానీ చాలా గడ్డల్లో అవి పనిచేస్తూనే ఉంటాయని తర్వాత తేలింది. చూడటానికి నష్టపు బేరమే అయినా కణానికి ఇందులో లాభం ఉంది. పని వేగంగా జరుగుతుంది, కొత్త కణం కట్టుకోవడానికి కావలసిన ముడిసరుకు మధ్యలోనే దొరుకుతుంది.

ఇలా పుట్టిన ఆమ్లం లోపలే పోగుపడితే కణం బతకదు. అందుకే దాని పొరలో ఆమ్లాన్ని తోడివేసే ప్రోటీన్లు పెరుగుతాయి. ఎంసీటీ4 లాక్టేట్‌తో పాటు ఒక ప్రోటాన్‌ను (ఆమ్లానికి ఆ గుణమిచ్చే హైడ్రోజన్ కణిక) బయటికి పంపుతుంది. ఎన్‌హెచ్ఈ1 సోడియంను లోపలికి రానిచ్చి ప్రోటాన్‌ను నెట్టేస్తుంది. కార్బోనిక్ ఆన్‌హైడ్రేజ్ 9 అనే ఎంజైము కణం బయట ఉండి, కార్బన్ డయాక్సైడ్‌ను నీటితో కలిపి బైకార్బొనేట్‌గా, ప్రోటాన్‌గా మారుస్తుంది. ఆ బైకార్బొనేట్‌ను మరికొన్ని ప్రోటీన్లు లోపలికి చేరవేస్తే అక్కడి ఆమ్లం విరుగుతుంది. అంటే సోడాలో ఉండే బైకార్బొనేట్‌ను కణం తన అవసరానికి తానే తయారుచేసుకుంటోంది.

మామూలు కణం లోపల పీహెచ్ (ఆమ్ల-క్షారాల కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7.2, బయట 7.4 ఉంటుంది. క్యాన్సర్‌లో ఇది తలకిందులై లోపల 7.4 లేదా అంతకు మించి, బయట 6.5 నుంచి 6.9 దాకా ఉంటుంది. వానాకాలంలో అపార్ట్‌మెంట్ సెల్లార్ నీళ్ళను మోటారుతో రోడ్డు మీదికి తోడేస్తే సెల్లార్ ఆరుతుంది, వీధి మునుగుతుంది. ఇదీ అంతే. ఆ ఆమ్లంలో పక్కనున్న మంచి కణాలు చస్తాయి, చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించే ఎంజైములు చురుకెక్కుతాయి, రోగనిరోధక టీ కణాలు నీరసిస్తాయి. డాక్సోరుబిసిన్ లాంటి బలహీన క్షార కీమో మందులు కూడా అక్కడ విద్యుదావేశం పొంది కణం పొర దాటలేకపోతాయి.

రక్తం పీహెచ్‌ను మాత్రం ఊపిరితిత్తులు, కిడ్నీలు 7.35–7.45 మధ్యే నిలబెడతాయి. ఆల్కలైన్ నీళ్ళు కడుపులోని ఆమ్లంలో కలిసి విరిగిపోతాయి. సోడా తాగాక మూత్రం పట్టీ రంగు మారిందంటే, ఎక్కువైన క్షారాన్ని కిడ్నీలు బయట పారేశాయని అర్థం. గడ్డ మారిందని కాదు. 5 గ్రాముల సోడాలో సుమారు 1,370 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దే 2,000. కీమో వాంతులతో ఒంట్లో ఆమ్లం, పొటాషియం ముందే తగ్గి ఉంటాయి. దాని మీద సోడా పడితే పొటాషియం ఇంకా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులుంటే ముప్పు మరీ ఎక్కువ. ఎలుకల్లో బైకార్బొనేట్ క్యాన్సర్ వ్యాప్తిని తగ్గించిన ప్రయోగాలున్నాయి గానీ, మనుషుల్లో అది రుజువు కాలేదు.

ప్రశ్న: చక్కెర, అన్నం పూర్తిగా మానేస్తే గడ్డ ఎండిపోతుందా? – కూకట్‌పల్లి

జవాబు: ఎండిపోదు. తినకపోయినా కాలేయం గ్లూకోజు తయారుచేసి రక్తంలో నిలబెడుతుంది, అందుకు కండను కరిగిస్తుంది. గ్లూకోజు తగ్గినా గడ్డ గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లంతో, కొవ్వులతో నెట్టుకొస్తుంది. కొన్ని కణాలైతే పక్క కణాలు వదిలిన లాక్టేట్‌నే వాడుకుంటాయి. చిక్కిపోయేది మనిషే. బరువు బాగా తగ్గితే కీమో డోసు తగ్గించాల్సో వాయిదా వేయాల్సో వస్తుంది. కిలో బరువుకు రోజుకు 25–30 క్యాలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అందాలి. 60 కిలోల మనిషికి 60–90 గ్రాముల ప్రోటీన్ అన్నమాట. రెండు గుడ్లలో సుమారు 12 గ్రాములు వస్తాయి. మిగతాది పప్పు, పెరుగు, చికెన్, చేపలతో పూడ్చుకోవాలి. కూల్‌డ్రింకులు, స్వీట్లు తగ్గించడం మంచిదే. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఈ లెక్కను డాక్టరుతో సరిచూసుకోవాలి.

ప్రశ్న: నాన్నకు షుగర్ ఉంది. పెట్-సీటీకి రాశారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పైన చెప్పిన గ్లూకోజు ఆకలినే ఈ స్కాన్ పట్టుకుంటుంది. ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం తగిలించిన గ్లూకోజును సూది ద్వారా ఎక్కిస్తారు. అది కణంలోకి వెళ్ళి తొలి మెట్టులోనే ఇరుక్కుపోయి మెరుస్తుంది.

ఆరు గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్ళు తాగవచ్చు. ముందు రోజు బరువు పనులు, వ్యాయామం వద్దు. స్కాన్ వేళకు షుగర్ 200 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు. అలాగని దాన్ని దించడానికి అప్పటికప్పుడు ఇన్సులిన్ వేసుకుంటే మందంతా కండరాల్లోకి పోయి బొమ్మ చెడుతుంది. మెట్‌ఫార్మిన్ వల్ల పేగులు వెలుగుతాయి కాబట్టి 48 గంటల ముందు ఆపాలా అని డాక్టరును అడగండి, సొంతంగా ఆపకండి. సూది తర్వాత గంటసేపు మాట్లాడకుండా పడుకోవాలి. ఫ్లోరిన్-18 శక్తి 110 నిమిషాలకు సగమవుతుంది, కనుక ఇచ్చిన టైముకు వెళ్ళాలి. ఇంకొకటి, టీబీ గడ్డలూ ఇలాగే వెలుగుతాయి. పాత టీబీ ఉంటే ముందే చెప్పండి. వెలిగిందల్లా క్యాన్సర్ కాదు, తేల్చేది బయాప్సీ.

ప్రశ్న: కణం జీవక్రియ మీద దెబ్బకొట్టే మందులున్నాయా? – సికింద్రాబాద్

జవాబు: ఎప్పటి నుంచో ఉన్నాయి. అందులో మనవాడి చేయి పెద్దదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఏటీపీని కనుగొన్నవారిలో ఒకరు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందుతో అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాను (రక్త క్యాన్సర్‌ను) తాత్కాలికంగా అణచగలిగాడు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇది ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ బిళ్ళలతో అందే బి విటమిన్) దారిని మూసి డీఎన్ఏ తయారీని ఆపుతుంది. ఆస్పరాజినేజ్ ల్యుకేమియా కణాలకు కావలసిన ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని రక్తంలో లేకుండా చేస్తుంది. ఆమ్లాన్ని తోడే ప్రోటీన్ల మీద మందులు మాత్రం ఇంకా పరీక్షల దశ దాటలేదు.

మెథోట్రెక్సేట్ వాడుతుంటే ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు డాక్టరు చెప్పకుండా వేసుకోవద్దు. ఈ మందును హైడోసులో ఎక్కించేటప్పుడు ఆస్పత్రిలో బైకార్బొనేట్ కూడా సెలైన్‌లో కలిపి ఇస్తారు. మూత్రం పీహెచ్ 7కు తగ్గితే మందు స్ఫటికాలై కిడ్నీలో పేరుకుంటుంది కాబట్టి, మూత్రాన్ని పదేపదే పరీక్షిస్తూ ఇస్తారు. అక్కడ ఆ సోడా కిడ్నీని కాపాడటానికి, గడ్డ కోసం కాదు.