సెజ్‌ల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ప్రత్యేక ఆర్థిక మండళ్ల (సెజ్‌ల) మీద, అంటే పెట్టుబడులను రప్పించడానికి ప్రభుత్వాలు వేరే నిబంధనలతో కేటాయించే ప్రాంతాల మీద, నువ్వు పంపిన రాతప్రతి శ్రద్ధగా చదివాను. కష్టపడ్డావని తెలుస్తోంది. అయితే సగానికి పైగా పన్ను మినహాయింపుల పట్టికలే ఉన్నాయి. విదేశీ పెట్టుబడి వచ్చేది వాటి కోసమేనని ముందే తీర్మానించుకుని రాశావు. నా పేచీ అక్కడే.

ఐక్యరాజ్యసమితి సంస్థ అంక్టాడ్ 2019 నివేదిక ప్రకారం అప్పటికే ప్రపంచంలో దాదాపు 5,400 సెజ్‌లున్నాయి. రాయితీలు దాదాపు అందరూ ఇస్తున్నారు. అందరూ ఇచ్చేదాన్ని చూసి ఒక కంపెనీ ఫలానా చోటే ఎందుకు దిగుతుంది? పైగా పన్ను లాభం మీద కదా వేసేది! సరుకు రేవులో ఇరుక్కుపోయి, కరెంటు నిలకడగా రాకపోతే అసలు లాభమే ఉండదు. పశ్చిమాఫ్రికా దేశం సెనెగల్ 1974లో తన రాజధాని డకార్‌లో రాయితీలతోనే మండలం తెరిచింది. కరెంటు ఖరీదెక్కువ, అనుమతుల్లో జాప్యం, కార్మిక నిబంధనల బిగింపు. ఆశించిన కంపెనీలు రాలేదు. నీ వ్యాసంలో డకార్ ఊసే లేదు. ఓడిపోయిన మండలాలను వదిలేస్తే గెలిచినవి ఎందుకు గెలిచాయో తేలదు.

చైనాలోని షెన్‌జెన్ గురించి రాశావు గానీ, 1980లో మొదలైంది, పెరిగింది అని ముగించేశావు. పక్కనే హాంకాంగ్ ఉంది. దాని రేవు, పెట్టుబడి, వ్యాపార సంబంధాలు అందుబాటులో ఉన్నాయి. అంతకన్నా పెద్ద విషయం, స్థానిక అధికారులకు ప్రయోగాలు చేసే వెసులుబాటు. 1987 డిసెంబరులో అక్కడ భూమి వినియోగ హక్కును బహిరంగ వేలం వేశారు. దాన్ని అనుమతిస్తూ చైనా రాజ్యాంగాన్ని సవరించింది 1988లో! నిర్ణయం తీసుకోగల మనిషి మండలంలోనే ఉంటే, పెట్టుబడిదారు ఫైలు పట్టుకుని రాజధాని చుట్టూ తిరగనక్కర్లేదు. ఈ ఘట్టాన్ని విడమరచి రాయి.

మాట నిలకడ గురించి కూడా చెప్పాలి. భారత్ 2005లో సెజ్ చట్టం చేసింది. 2011 బడ్జెట్‌లో వాటికున్న కనీస ప్రత్యామ్నాయ పన్ను (రాయితీలెన్ని ఉన్నా లాభం మీద కనీసం కట్టాల్సిన పన్ను) మినహాయింపు ఎత్తేసింది. ఏళ్ల తరబడి వెనక్కి తీయలేని ఫ్యాక్టరీ కట్టేవాడికి, రాయితీ ఎంతన్నదానికన్నా అది ఎంతకాలం ఉంటుందన్నదే ముఖ్యం. 2021లో 130కి పైగా దేశాలు పెద్ద బహుళజాతి కంపెనీలకు 15 శాతం కనీస పన్నుకు ఒప్పుకున్నాయి కాబట్టి, పన్ను సెలవుల (కొన్నేళ్లు పన్ను వేయకుండా వదిలేయడం) ఆకర్షణ ఇకముందు ఇంకా తగ్గుతుందని నా అంచనా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ మలేసియాలోని పెనాంగ్. 1972లో అక్కడి బయాన్ లెపాస్ మండలానికి చిప్‌ల కంపెనీ ఇంటెల్ వచ్చింది. తర్వాత ఆ ఎలక్ట్రానిక్స్ కంపెనీలకు విడిభాగాలు, యంత్రాలు చేసిపెట్టే స్థానిక సంస్థలు పెరిగాయి. 1989లో ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి నైపుణ్య శిక్షణ కేంద్రం పెట్టాయి. వచ్చిన కంపెనీ వెళ్లిపోకుండా ఉండటానికి కారణాలు మండలం ప్రహరీకి బయట తయారయ్యాయి. కొన్ని దేశాలు ప్రహరీ కట్టి, లోపల రోడ్లు వేసి, అంతటితో ఆగిపోవడం చూస్తే బాధ కలుగుతుంది. ఆ భూమి ఇచ్చినవాళ్లకు ఏం దక్కింది? ఆ ప్రశ్న నీ వ్యాసంలో ఉండి తీరాలి.

ఇంకొకటి. ఒప్పందాల మీద సంతకాలైన మొత్తాన్ని వచ్చిన పెట్టుబడిగా రాయకు. ఎగుమతి విలువ చెప్పినప్పుడు, అందులో దిగుమతి చేసుకున్న ముడిసరుకు వాటా ఎంతో కూడా చెప్పు.

పన్నుల పట్టికలను ఒక్క పేరాకు కుదించి, ఆ చోటు పెనాంగ్‌కూ డకార్‌కూ ఇవ్వు. తిరగరాసి పంపు, వెంటనే చదువుతాను.

ప్రేమతో,
నీ అన్నయ్య