లంచం "రేపు రా" కాడ మొదలైతది

"జీతాలు పెంచితే అవినీతి పోతదా, లేక అది మనిషి బుద్ధిలనే ఉందా?" అని అడిగిన్రు. బుద్ధిలనే ఉంది. జీతం చాలనోడు చిట్టీ ఎత్తుకుంటడు, అప్పు చేస్తడు. అరిషడ్వర్గాల్ల అందరు లోభాన్నే తిడుతరు గని, లంచం కాడ దానికంటే ముందు వచ్చేది మదం, అంటే కుర్చీ ఉన్నదన్న పొగరు.

పరకాల దిక్కు ఓ రైతు అనుకోండి. 2 ఎకరాల 10 గుంటల భూమికి పాస్‌బుక్కుల 1 ఎకరం 30 గుంటలే పడ్డది. కాయితాలన్నీ సంచిల పెట్టుకొని మండలాఫీసుకు పోతడు. కుర్చీల ఉన్నాయన తల ఎత్తడు, పెన్ను మూత తియ్యడు. "రేపు రా" అంటడు. అరవై ఏండ్ల మనిషి తన ముందట చేతులు కట్టుకొని నిలబడ్డడన్న తృప్తి ఆయనకు అప్పుడే దక్కింది. మూడోసారి పోయినప్పుడు చాయ్ బండి కాడ అటెండరు వచ్చి "సారును ఒకసారి కలువరాదే" అంటడు. పైసల మాట వచ్చేది అక్కడ.

ఈ మదానికి ఇండ్లల్లనే నీళ్లు పోస్తున్నం. హన్మకొండల సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లగాని జీతం అడిగినంక "గీతం (పై సంపాదన) ఎంత?" అని అడగనోళ్లు ఎంతమంది? అది విన్న పిల్లగాడు కుర్చీల ఎట్ల కూసుంటడు?

ఇచ్చేటోళ్లంతా ఒక్కతీరు కాదు. పని ఆగి, ఏడ్చుకుంట ఇచ్చేటోడు ఒకడు. చెరువు శిఖం భూమిని (చెరువుల నీళ్లు నిలిచే జాగను) తన పేర రాయించుకోవాలన్న ఆశతోటి ఇచ్చేటోడు ఇంకొకడు. అవినీతి నిరోధక చట్టాన్ని 2018ల సవరించినప్పుడు ఈ తేడా పట్టుకున్నరు. లంచం ఇచ్చుడు కూడ నేరమే, 7 ఏండ్ల దాకా జైలు పడొచ్చు. బలవంతం మీద ఇచ్చినోడు 7 రోజులల్ల పోలీసులకో ఏసీబీకో (అవినీతి నిరోధక శాఖకో) చెప్తే శిక్ష ఉండది.

ఏసీబీ నంబరు 1064. ఫిర్యాదు చేస్తే వాళ్లు, లంచంగ ఇయ్యబోయే నోట్ల నంబర్లు రాసుకొని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తరు. పట్టుకున్న చేతిని సోడియం కార్బొనేట్ నీళ్లల్ల ముంచితే నీళ్లు గులాబి రంగుకు తిరుగుతయి. ఆ రంగొక్కటే సరిపోదు. ఆ ఆఫీసరు లంచం అడిగినట్టు, తీసుకున్నట్టు రుజువు కావాలె, 2022 డిసెంబరుల సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడ ఇదే చెప్పింది. అందుకని "ఎంత ఇయ్యాలె సార్" అని మీరు ముందుగాల నోరు జారకండి, ఆయనే అడిగిండని చూపెట్టుడు కష్టమైతది. అర్జీ నకలు మీద ముద్ర, తేదీ ఏపించుకోండి. "రేపు రా" అని పంపిన ప్రతిసారీ, ఆ తేదీ దాని వెనుకనే రాసి పెట్టుకోండి.