మూడోసారి దద్దుర్లు రాలేదు

మీ అబ్బాయికి జీడిపప్పు పడదని, రెండుసార్లు దద్దుర్లు వచ్చి సిట్రజిన్ అనే అలర్జీ మాత్ర వేస్తే తగ్గిపోయాయని రాశారు. ఎప్పుడు సీరియస్ అని ఎలా తెలుస్తుందని అడిగారు. మా అమ్మాయికీ అచ్చం ఇలాగే రెండుసార్లు దద్దుర్లు వచ్చాయి, రెండుసార్లూ మాత్రతోనే పోయాయి. మూడోసారి దద్దుర్లే రాలేదు.

అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. స్నేహితురాలి ఇంట్లో బిస్కెట్ తిని వచ్చింది. అందులో జీడిపప్పు పొడి ఉందని తర్వాత తెలిసింది. రాగానే కడుపునొప్పి అంది, వాంతి చేసుకుంది. ఒళ్లంతా చూశాను, ఎక్కడా ఎర్రబడలేదు. అజీర్ణమేమో అనుకుని పడుకోబెట్టాను. కాసేపటికి "అమ్మా, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుంది" అంది. గొంతు బొంగురుపోయింది, పొడి దగ్గు మొదలైంది. అప్పుడు కూడా నేను మాత్ర కోసమే వెతికాను. అది బాత్రూమ్‌కని లేచి, నాలుగడుగులు వేసి, గుమ్మం దగ్గర కూలబడిపోయింది. పెదాలు పాలిపోయాయి. పిలిస్తే పలకలేదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ ఇంకేమీ చూడకుండా ముందు తొడ బయటివైపు కండలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్ని నిమిషాల్లోనే అది "అమ్మా" అంది. ఆ మాట నేను జన్మలో మర్చిపోను.

ఆ డాక్టరే చెప్పారు. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారట, అంటే ప్రాణాల మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ. ఈ స్థితిలో రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుందట. నిలబడితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి గుండెకి చేరదట. అందుకే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. వాంతులైతే పక్కకి తిప్పాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి. అంబులెన్స్ దాకా కూడా నడిపించకూడదు.

కాబట్టి చర్మం ఒక్కటే చూడకండి. ఇలా అనాఫిలాక్సిస్ వచ్చినవాళ్లలో పదిమందికి ఒకరిద్దరికి చర్మం మీద ఏమీ కనిపించదు. పడని తిండి తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపు గొంతు మారినా, దగ్గు ఆగకపోయినా, పిల్లికూతలు వినిపించినా, వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, పిల్లాడు ఒక్కసారిగా మగతగా వాలిపోయినా అదే అనాఫిలాక్సిస్ అనుకోండి. సిట్రజిన్ దురద తగ్గిస్తుంది. వాచిన గొంతుని తెరవలేదు, పడిపోయిన బీపీని లేపలేదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది. మొదట ఇవ్వాల్సింది అడ్రినలినే.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. అంతకుముందు రెండుసార్లు మేం వెళ్లిన క్లినిక్‌లో ఈ మందు పేరు కూడా ఎత్తలేదు. మాత్ర రాసి పంపేశారు. ఇక బంధువులు! "కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది" అనేవాళ్లని నేనిప్పుడు వంటింట్లోకి రానివ్వను. పడని తిండిని కొద్దికొద్దిగా అలవాటు చేసే చికిత్స ఉన్నమాట నిజమే, కానీ అది నిపుణుల పర్యవేక్షణలో, కొలతతో జరిగేది. మన వంటింట్లో చేసే ప్రయోగం కాదు.

ఆ రాత్రి ఇంటికి పంపేయమని మా ఆయన అడిగారు. డాక్టర్ ఒప్పుకోలేదు. ఐదు గంటల తర్వాత మళ్లీ దగ్గు, ఈసారి ఒంటినిండా దద్దుర్లు. రెండో ఇంజెక్షన్ పడింది. తగ్గాక కూడా ఇలా తిరగబెట్టొచ్చు. అందుకే ఇంజెక్షన్ వేశాక బాగానే ఉందని ఇంట్లో ఉండిపోకండి.

అలర్జీ డాక్టర్‌ని కలిసి అడ్రినలిన్ పెన్, అంటే ఇంట్లోనే తొడకి వేసే రెడీ ఇంజెక్షన్, రాయించుకోండి. డోసు బరువుని బట్టి ఆయనే చెప్తారు. మందు లేని ట్రైనర్ పెన్‌తో ఇంట్లో అందరూ ప్రాక్టీస్ చేయండి. మేం రెండు పెన్నులు ఉంచుతాం, ఎందుకంటే 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండోది వేయాల్సి రావొచ్చు. వేశాక చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, కాసేపటికి సర్దుకుంటుంది. ఆ దడకి భయపడి ఆలస్యం చేయొద్దు.

మీ బాబుకి ఉబ్బసం ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.