తల ఊపుతుంది, పని మాత్రం ఇంకోటి చేస్తుంది

ప్రశ్న: మాది కడపలో ఫైనాన్స్ ఆఫీసు, 26 మందిమి. నెల కిందట డేటా ఎంట్రీకి ఒకమ్మాయి చేరింది. వినపడదు, చెవికి మిషన్ పెట్టుకుంటుంది. టైపింగ్‌లో మాకెవరికీ రానంత స్పీడు. కానీ చెప్పినదానికల్లా తల ఊపి, చివరికి ఇంకోటి చేస్తోంది. అరిచి చెప్పినా అంతే. రికార్డు రూముకు మార్చేద్దాం అంటున్నారు మావాళ్లు. ఏం చేయమంటారు సార్?
– బ్రాంచి మేనేజర్

జవాబు: రికార్డు రూము మాట మర్చిపోండి. అంత స్పీడున్న మనిషిని పాత ఫైళ్ల దుమ్ములో కూర్చోబెడితే నష్టం మీకే.

ఒకసారి అద్దం ముందు నిలబడి గొంతు పెగలకుండా పాట, బాట, మాట అనండి. మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. ఆ అమ్మాయి మీ పెదాలు చూసి కొంత, ఊహించి కొంత నెట్టుకొస్తోంది, మీరేమో ఫైలు వెతుకుతూ అటు తిరిగి చెబుతారు, లేదంటే నోట్లో వక్కాకు పెట్టుకుని చెబుతారు (నేనూ ఇందులో తక్కువేం కాదు). అరిస్తే నోరు వంకర్లు పోయి ఆ కాస్తా అర్థం కాదు. మిషన్ మీ మాటతో పాటు ఫ్యాన్ మోతను, కౌంటర్ దగ్గర గోలను కూడా పెంచుతుంది. తల ఊపడం అంటారా, మూడోసారి 'ఏంటి సార్' అంటే మీ మొహం ఎట్లా మారుతుందో ఆమె చూసే ఉంటుంది.

అంకెలు, పేర్లు, తేదీలు వాట్సాప్‌లోనో చీటీ మీదో ఇవ్వండి. 'అర్థమైందా' అనొద్దు, 'ఇప్పుడు ఏం చేస్తావమ్మా' అని అడగండి. అన్నిటికంటే ముందు, ఎట్లా చెబితే నీకు వీలు అని ఆమెనే అడగండి, నెల రోజుల్లో ఒక్కరూ అడిగినట్టు లేదు మీ ఉత్తరం చూస్తే. సైగల భాష వచ్చంటే మీరూ నాలుగు సైగలు నేర్చుకోవచ్చు, ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ 10,000 పదాల సైగల నిఘంటువును వీడియోలుగా పెట్టింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 2017 నిబంధనల ప్రకారం 20 మంది, అంతకు మించి ఉన్న ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం రాసి అందరికీ కనపడేట్టు పెట్టాలి, ఆ సంగతులు చూసే లైజన్ ఆఫీసర్‌నూ నియమించాలి. మీ గోడ మీద ఆ కాగితం ఉందా? లేకపోతే హెడ్డాఫీసుకు రేపే మెయిల్ పెట్టండి.

ఇంకోటి. సాయంత్రం టీ దగ్గర అందరూ నవ్వినప్పుడు ఆమె 'ఏంటి' అంటే 'ఏం లేదులే' అనేయకండి. జోకు ఎంత చెత్తదైనా సరే, ఫోన్‌లో టైపు చేసి చూపించండి.