సూపర్ కంప్యూటర్లంటున్న అబ్బాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది గుంటూరు. పట్నంబజారులో చిన్న బట్టల కొట్టు. మా అబ్బాయి రెండేళ్లు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. మార్కులు బాగానే వచ్చాయి గానీ ఈఏపీసెట్ ర్యాంకు ముప్పై వేలు దాటింది. మా అన్నగారి అబ్బాయికి నాలుగు వేలలోపు వచ్చింది. మావాడు ఏడాదిగా ఎల్ కాపిటాన్, ఫ్రాంటియర్ అంటూ సూపర్ కంప్యూటర్ల గురించే చదువుతున్నాడు. ఆ రంగంలోనే పనిచేస్తానంటున్నాడు. కన్వీనర్ కోటాలో విజయవాడ కాలేజీలో ఈసీఈ వచ్చేలా ఉంది. గోరంట్లలో ఉన్న స్థలం అమ్మి మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ చేర్పించమని అందరూ అంటున్నారు. ఏది మంచిదో పోల్చి చెప్పండి. అసలు ఆ రంగంలో మన దగ్గర ఉద్యోగాలున్నాయా?

జవాబు: ముందు స్థలం సంగతి తేల్చేద్దాం. అమ్మకండి. మీ అబ్బాయి వెళ్లాలనుకుంటున్న చోటికి ఆ సీటు తొందరగా చేర్చదు.

కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో ఏటా ఇదే ప్రశ్న వస్తుంది, బ్రాంచి పేరు మాత్రం మారుతుంది. దాని అడుగున ఉండే భయం మారదు. మంచి ర్యాంకు రాలేదు కాబట్టి డబ్బు పోసైనా ఆ తేడా పూడ్చకపోతే పిల్లాడు జీవితమంతా వెనకే ఉండిపోతాడేమోనని. మీరు అడగని ఆ ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. అందుకు మీవాడు చదువుతున్న సూపర్ కంప్యూటర్లే పనికొస్తాయి.

ప్రపంచంలో అతివేగమైన 500 సూపర్ కంప్యూటర్ల పట్టిక టాప్500 కూడా ఒక ర్యాంకుల జాబితానే. 1993 జూన్‌లో మొదలైంది, ఏటా రెండుసార్లు, జూన్‌లోనూ నవంబరులోనూ వస్తుంది. ర్యాంకు ఇచ్చేది ఒకే ఒక పరీక్షను బట్టి. కంప్యూటర్ శాస్త్రవేత్త జాక్ డొంగారా తయారుచేసిన లిన్‌ప్యాక్ పరీక్షలో నుంచి వచ్చిన హెచ్‌పీఎల్ అనే ప్రోగ్రాం అది. లక్షల సమీకరణాలను ఒకేసారి సాధించమంటారు, 64 బిట్ల కచ్చితత్వంతో, అంటే దాదాపు 16 అంకెల దాకా సరిగ్గా. ఎన్ సమీకరణాలుంటే చేయాల్సిన లెక్కలు ఎన్ ఘనంలో మూడింట రెండు వంతులు. దాన్ని పట్టిన సమయంతో భాగిస్తే వచ్చేదే మార్కు. 2024 నవంబరు జాబితాలో ఎల్ కాపిటాన్ 1.742 ఎక్సాఫ్లాప్స్‌తో మొదటి ర్యాంకు తెచ్చుకుంది. ఒక ఎక్సా అంటే ఒకటి పక్కన 18 సున్నాలు, అన్ని లెక్కలు సెకనులో చేస్తుందన్నమాట. కాగితం మీద దాని పూర్తి శక్తి 2.746. అంటే ఆ ఒక్క పరీక్షకోసం ఎంత సానబట్టినా దొరికింది 63 శాతం.

అదే యంత్రాన్ని ఇంకో పరీక్షకు కూర్చోబెట్టారు. దాని పేరు హెచ్‌పీసీజీ. ఇంజనీరింగులో నిజంగా ఎదురయ్యే లెక్కలకు ఇది బాగా దగ్గర. అందులో వచ్చింది 17.41 పెటాఫ్లాప్స్ (వెయ్యి పెటాలు ఒక ఎక్సా), అంటే మొదటి పరీక్షలో వచ్చినదాంట్లో దాదాపు ఒక్క శాతం. యంత్రం చెడిపోలేదు. హెచ్‌పీఎల్‌లో మెమరీ నుంచి ఒకసారి తెచ్చుకున్న అంకెను ప్రాసెసరు చాలాసార్లు వాడుకుంటుంది. హెచ్‌పీసీజీలో ఒకటి రెండుసార్లు వాడి వదిలేయాలి, మళ్లీ కొత్త అంకె రావాలి. మీ ఊరి మిర్చి యార్డులో వందమంది హమాలీలు సిద్ధంగా ఉన్నా గేటులోంచి లారీలు ఒక్కొక్కటే వస్తుంటే టిక్కీలు దిగేది లారీల వేగంతోనే. ప్రాసెసర్లు హమాలీలు, మెమరీ ఆ గేటు. ఈ రంగంలో పనిచేసేవాళ్ల జీవితంలో సగం ఆ గేటు దగ్గరే గడుస్తుంది.

ఆ పరీక్షే రాయనన్న యంత్రం కూడా ఉంది. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో 2013 నుంచి 2021 దాకా నడిచిన బ్లూ వాటర్స్ పెద్ద యంత్రాల్లో ఒకటి. దాన్ని నడిపినవాళ్లు టాప్500కు మార్కులు పంపలేదు. శాస్త్రవేత్తలు చేసుకునే నిజమైన పనిని ఆ ఒక్క అంకె చూపించదన్నారు. ర్యాంకు లేకపోయినా దాని మీద పరిశోధనలు సాగాయి.

ఈఏపీసెట్ కూడా ఒకే ఒక పరీక్ష. మూడు గంటల్లో ఎన్ని ప్రశ్నలకు గురి చూసి జవాబు పెట్టగలడన్నది అది కొలుస్తుంది. కొలవడం తప్పు కాదు, కన్వీనర్ సీటుకు ఎక్కువగా అదే లెక్క. కానీ రాత్రి పదింటికి ఆగిపోయిన ప్రోగ్రాంలో తప్పెక్కడుందో తెల్లవారేదాకా వెతికే ఓపికను అది కొలవదు. సూపర్ కంప్యూటర్ల పనిలో కావలసింది ఆ ఓపికే. మీ ఉత్తరంలో మీ అన్నగారి అబ్బాయి ర్యాంకు ఎందుకుందో ఒకసారి ఆలోచించండి. ప్రశ్నకు దానితో పని లేదు. ఉత్తరంలోనే ఉందంటే ఇంట్లో అది రోజూ వినపడుతోందనే అనుకోవాలి. రెండేళ్లు హాస్టల్లో వారానికో ర్యాంకు చూసి వచ్చిన పిల్లాడు, ఏడాదిగా ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఒక విషయం చదువుతున్నాడంటే అది చిన్న సంగతి కాదు. దాన్ని కాపాడటం మీ పని. అన్నగారి అబ్బాయి పేరు ఈ నెలరోజులూ ఇంట్లో ఎత్తకండి.

ఇక ఏఐ-ఎంఎల్ సంగతి. ఏఐ మీద నాకు కోపం లేదు. ఈరోజు పెద్ద యంత్రాల్లో చాలావాటిలో ఉండే జీపీయూలు (వేల లెక్కలు ఒకేసారి చేసే చిప్‌లు) ఏఐ వల్లే ఇంత వేగంగా ఎదిగాయి. నా సందేహం ఆ పేరు పెట్టి అమ్ముతున్న బీటెక్ మీద. తయారైన ఏఐ మోడల్‌ను పిలిచి వాడుకోవడం ఒక పని. ఆ మోడల్ వెయ్యి జీపీయూల మీద ఎందుకు నెమ్మదిగా నడుస్తోందో కనిపెట్టడం వేరే పని. రెండోదానికి కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్లు, నెట్‌వర్క్‌లు, లీనియర్ ఆల్జీబ్రా కావాలి. కొత్త పేరున్న బ్రాంచిలో కొత్త సబ్జెక్టులకు చోటు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. పైవాటిలో ఏదైనా ఎలక్టివ్‌గా మారినా, ల్యాబ్ పోయి థియరీ మాత్రం మిగిలినా మీవాడికి అది నష్టం. సిలబస్ పుస్తకం కాలేజీ వెబ్‌సైట్లోనే ఉంటుంది. ఎనిమిది సెమిస్టర్లూ తీసి చూడటానికి గంట పట్టదు. స్థలం అమ్మాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఆ గంట కేటాయించారా?

ఫ్యాషన్ సంగతి ఈ రంగమే చెప్తుంది. 2008లో రోడ్‌రన్నర్ అనే యంత్రం ప్రపంచంలో మొదటిసారి పెటాఫ్లాప్ దాటింది. ప్లేస్టేషన్3 ఆటల యంత్రంలో ఉన్న సెల్ చిప్‌కు మెరుగుపెట్టి అందులో వాడారు. అప్పట్లో దాని మీద ప్రోగ్రాం రాయడం గొప్ప విద్య. 2013 మార్చిలో ఆ యంత్రాన్ని ఆపేశారు, ఆ చిప్ దారి కూడా మూసుకుపోయింది. ప్రాసెసర్లు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి 1994లో వచ్చిన ఎంపీఐ అనే పద్ధతి మాత్రం ఈరోజుకీ ప్రతి పెద్ద యంత్రం మీదా నడుస్తోంది. సీ, ఫోర్ట్రాన్ ప్రోగ్రామింగ్ భాషల సంగతీ అంతే. బీటెక్ పూర్తయ్యేసరికి ఏ చిప్ ఉంటుందో, ఏ ఏఐ పద్ధతి ఉంటుందో ఎవరూ చెప్పలేరు. వేలాది ప్రాసెసర్లకు పని ఎలా పంచాలి, వాటి మధ్య కబురు ఎలా నడపాలి అన్న విద్య ఉంటుంది. పనిలో 5 శాతం పంచుకోవడానికి వీల్లేనిదైతే ఎన్ని లక్షల ప్రాసెసర్లు పెట్టినా వేగం 20 రెట్లు మించదు. కంప్యూటర్ ఇంజనీరు ఆమ్డాల్ చెప్పిన ఈ సూత్రానికి ఏ ఫ్యాషనూ మినహాయింపు కాదు.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి క్లుప్తంగా. ఈసీఈలో డిజిటల్ ఎలక్ట్రానిక్స్, ప్రాసెసర్ నిర్మాణం, వీఎల్ఎస్ఐ (చిప్‌ల రూపకల్పన) బాగా వస్తాయి. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్ సొంతంగా చదువుకోవాలి. కాలేజీలో సీఎస్ఈ మైనర్ (బీటెక్‌తోపాటు అదనంగా చేసే కోర్సు) ఉంటే అది తీసుకోవచ్చు. ఏఐ-ఎంఎల్‌లో ప్రోగ్రామింగ్ మొదటినుంచీ ఉంటుంది, హార్డ్‌వేర్ పలచబడుతుంది. కన్వీనర్ సీటుకు అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. పక్కూరి కాలేజీలో కన్వీనర్ కోటాలో మామూలు సీఎస్ఈ దొరికితే ఈసీఈ కంటే అదే ముందు పెట్టమంటాను. దొరక్కపోతే ఈసీఈ నిశ్చింతగా చేర్పించండి. అది సర్దుబాటు అనుకోవద్దు. ఎల్ కాపిటాన్‌కు దాదాపు 30 మెగావాట్ల కరెంటు కావాలి. మన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలోని 210 మెగావాట్ల యూనిట్ ఒకటి తీసుకుంటే దాని ఉత్పత్తిలో ఏడో వంతు. రోజుకు 7 లక్షల 20 వేల యూనిట్లు. ఆ వేడిని తోడెయ్యడానికి చిప్‌ల మీదుగా నీళ్లు పారిస్తారు. అంత యంత్రం దగ్గర ఎలక్ట్రికల్ వాళ్లకూ మెకానికల్ వాళ్లకూ పని ఉంది, ఎలక్ట్రానిక్స్ వాళ్లకు లేకుండా ఎలా ఉంటుంది?

ఉద్యోగాలు. సూపర్ కంప్యూటర్ ఇంజనీర్ అన్న పేరుతో ప్రకటనలు అరుదు, ఆ పేరుతో వెతికితే నిరాశే. పెర్ఫార్మెన్స్ ఇంజనీర్, సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్, జీపీయూ లైబ్రరీలు, లినక్స్ క్లస్టర్ అడ్మినిస్ట్రేషన్ అన్న పేర్లతో ఉంటాయి. ఎన్‌విడియా, ఏఎండీలకు హైదరాబాదులో ఆఫీసులున్నాయి. మన దేశం ఈ రంగంలో కొత్తది కూడా కాదు. 1988లో పుణెలో ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ పెట్టారు, 1991లో దాని సూపర్ కంప్యూటర్ పరమ్ 8000 వచ్చింది. 2007 నవంబరులో పుణెలోనే టాటావాళ్ల ‘ఏక’ ప్రపంచంలో నాలుగో ర్యాంకులో ఉంది. 2015లో 4,500 కోట్ల రూపాయలతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ మొదలైంది. 2024 సెప్టెంబరులో వాతావరణ అంచనాల కోసమే పుణెలో అర్క, నోయిడాలో అరుణిక ప్రారంభించారు. మన తీరానికి తుపాను ఎటునుంచి వస్తుందో లెక్కగట్టడం ఇలాంటి యంత్రాల పని. మూడు దారులు చెప్తాను. బీటెక్ తర్వాత సీడాక్‌లో ఆరు నెలల పీజీ డిప్లొమా, హెచ్‌పీసీ (సూపర్ కంప్యూటింగ్) సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్‌కు ప్రత్యేకంగా ఉంది. గేట్ బాగా రాస్తే బెంగళూరు ఐఐఎస్సీలో కంప్యుటేషనల్ అండ్ డేటా సైన్సెస్ విభాగంలో ఎంటెక్ ఉంది. లేదంటే నేరుగా కంపెనీలో చేరి పనిలో నేర్చుకోవడం. మూడింటికీ ఈసీఈ అడ్డం కాదు.

మిగిలింది మీవాడి ఇష్టం నిజమైనదా, వీడియోలు చూసిన ఉత్సాహమా అన్నది. అది తెలియడానికి సీటు కొనక్కర్లేదు, తరగతులు మొదలయ్యేలోపే తేలుతుంది. బాబూ, ఇది నీకు. సూపర్ కంప్యూటర్లకు పెట్టే ఆ హెచ్‌పీఎల్ పరీక్షనే నీ ల్యాప్‌టాప్ మీద నడుపు. ఉబుంటు లినక్స్ వేసుకో. జీసీసీ అనే కంపైలర్, ఎంపీఐకోసం ఓపెన్‌ఎంపీఐ, మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీ ఓపెన్‌బ్లాస్ పెట్టుకో. నెట్‌లిబ్ సైటునుంచి హెచ్‌పీఎల్ తెచ్చి కంపైల్ చెయ్యి. మొదటి రోజు కంపైల్ కాదు. కంపైల్ సూచనలుండే మేక్‌ఫైల్లో లైబ్రరీల దారి తప్పుగా ఉంటుంది, ఎర్రర్ పూర్తిగా చదివి సరిచెయ్యి. తర్వాత హెచ్‌పీఎల్.డాట్ (HPL.dat) అనే సెట్టింగుల ఫైల్లో నాలుగు అంకెలు మార్చాలి: ఎన్ సమీకరణాల సంఖ్య, ఎన్‌బీ ఒక్కో ముక్క సైజు, పీ, క్యూ ప్రాసెస్‌లను అమర్చే అడ్డు నిలువు వరసలు. మ్యాట్రిక్స్ మెమరీలో 80 శాతం దాకా నిండాలి. 16 జీబీ ఉంటే ఎన్ 39,936 పెట్టు, 8 జీబీ ఉంటే 27,840. రెండూ 192తో భాగించబడతాయి, ఎన్‌బీ 192 కాబట్టి. నాలుగు కోర్లుంటే పీ 2, క్యూ 2. 100 గిగాఫ్లాప్స్ (సెకనుకు పదివేల కోట్ల లెక్కలు) వస్తే పెద్ద లెక్క ఏడు నిమిషాల్లో పూర్తవుతుంది.

ఎక్కడ తప్పుతుందో కూడా చెప్తాను. ఎన్ మరీ పెంచితే, లేదా బ్రౌజర్ తెరిచి ఉంచితే, మెమరీ చాలక డిస్క్‌కు పొర్లుతుంది. ఏడు నిమిషాల పని గంటలు పడుతుంది. నాలుగు ప్రాసెస్‌లు నడుపుతుండగా ఓపెన్‌బ్లాస్ ఒక్కోదాంట్లో మళ్లీ నాలుగు థ్రెడ్లు తెరిస్తే పదహారు తయారై కోర్లకోసం కొట్టుకుంటాయి. థ్రెడ్ల సంఖ్య ఒకటికి కట్టెయ్యి. ఓపెన్‌బ్లాస్ బదులు మామూలు రిఫరెన్స్ బ్లాస్ తగిలించావంటే వేగం పదో వంతుకు పడిపోయినా ఆశ్చర్యం లేదు. మన ఎండల్లో మధ్యాహ్నం నడిపితే చిప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది, తెల్లవారుజామున నడిపి తేడా చూడు. చివర్లో పాస్డ్ అని రాకపోతే ఎంత మార్కు వచ్చినా చెల్లదు. నీ చిప్ పూర్తి శక్తి ఎంతో లెక్క కట్టు: కోర్లు, గిగాహెర్ట్జ్, ఒక్కో క్లాక్ చక్రంలో ఒక్కో కోరు చేసే లెక్కలు గుణించాలి. ఇటీవలి మామూలు చిప్‌లలో చాలావాటికి చివరి అంకె 16. నాలుగు కోర్లు, 3 గిగాహెర్ట్జ్ అయితే 192 గిగాఫ్లాప్స్. నీకు అందులో ఎంత శాతం వచ్చిందో, మిగతాది ఎక్కడ పోయిందో ఒక పేజీ రాయి. అది రాయాలని నీకు అనిపిస్తే నీ ఇష్టం నిజమైనదే.

అయ్యా, ఇంట్లో ల్యాప్‌టాప్ లేకపోతే కొనండి. స్థలం అమ్మేంత ఖర్చు కాదు. 16 జీబీ మెమరీ ఉండాలి, తర్వాత పెంచుకునే స్లాట్ ఉందో లేదో షాపులో అడగండి. మెమరీ బోర్డుకే అతికించేసిన మోడల్ అయితే వద్దనండి. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు మౌస్ అబ్బాయి చేతిలో ఉండాలి, మీరు పక్కన కూర్చోండి.